అమైనో ఆమ్లాల పరీక్షకు ఏది మేలు: హెపారిన్, ఈడీటీఏ, సీరం?

విశాఖపట్నంలోని మా ల్యాబ్‌కు గాజువాక, అనకాపల్లి వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: ఈ పరీక్షకు ఆకుపచ్చ మూత ట్యూబులు (రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఉన్నవి) లేనప్పుడు ఎర్ర మూత ట్యూబులో (సీరం కోసం వాడేది) రక్తం తీసి పంపవచ్చా?

పంపకపోవడమే మంచిది. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కోసం రక్తాన్ని గడ్డకట్టనిచ్చే అరగంటలో ప్లేట్‌లెట్లు, ఇతర కణాలు తమలోని టారిన్, గ్లుటమేట్, ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లాలను బయటికి వదులుతాయి కాబట్టి, ఆ అంకెలు రోగి గురించి కన్నా ట్యూబు గురించే ఎక్కువ చెబుతాయి.

రక్తం గడ్డకట్టకుండా ఆపే మరో పదార్థమైన ఈడీటీఏ విషయం అంత సులువుగా తేలదు. మాస్ స్పెక్ట్రోమీటరు (అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం) వాడే చోట అది చాలావరకు పనికివస్తుంది. అమైనో ఆమ్లాలను విడదీసే అయాన్ మార్పిడి స్తంభం, వాటికి రంగు తెచ్చే నిన్‌హైడ్రిన్ వాడే పద్ధతిలో మాత్రం ఆ ట్యూబులోని మలినాలు కూడా రంగు తేలి, ఫలితాల గ్రాఫులో లేని శిఖరాలను చూపవచ్చు. అందుకే నా ఓటు హెపారిన్‌కే.

అయితే, ట్యూబు ఏదన్నదానికన్నా రక్తం తీసినప్పటి నుంచి ప్లాస్మాను (గడ్డకట్టని రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరు చేసేదాకా పట్టే సమయమే ఫలితాన్ని నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. మే నెల మధ్యాహ్నం బండి డిక్కీలో ప్రయాణించిన ట్యూబులో గ్లుటమిన్ తగ్గి గ్లుటమేట్ పెరుగుతుంది; ఎర్రకణాలు చితికితే వాటిలోని ఆర్జినేజ్ అనే ఎంజైమ్ ఆర్జినిన్‌ను ఆర్నిథిన్‌గా మార్చేస్తుంది. అలాగని ట్యూబును నేరుగా గడ్డకట్టిన ఐసు ప్యాకులకు ఆనించి పెడితే రక్తమే మంచులా ఘనీభవించి కణాలు పగులుతాయి. కరుగుతున్న ఐసులో నిలబెట్టడం మేలు. సెంట్రిఫ్యూజ్ (ట్యూబును వేగంగా తిప్పి కణాలను వేరుచేసే యంత్రం) ఆగాక తెల్లకణాల పొర మీద అర సెంటీమీటరు ప్లాస్మాను వదిలేసి పైదే పిపెట్‌తో తీయాలి, ఎందుకంటే ఆ పలుచని పొరలోనే టారిన్ దండిగా ఉంటుంది. చివరి చుక్క దాకా లాగాలన్న ఆశ కొత్తవారిలో సహజమే.

యంత్రంలో పెట్టే ముందు ప్లాస్మాలోని ప్రోటీన్లను తొలగించడానికి మెథనాల్ కూడా ఉన్నది గానీ, నిన్‌హైడ్రిన్ యంత్రానికి సల్ఫోసాలిసిలిక్ ఆమ్లమే సరిపోతుంది. సిస్టిన్ అనే అమైనో ఆమ్లం కొలత ముఖ్యమైన రోగులలో ఈ పనిని మరునాటికి వాయిదా వేయకూడదు: నిలవున్న ప్లాస్మాలో సిస్టిన్ ప్రోటీన్లకు అంటుకుని, ఆ తర్వాత వాటితోపాటే అడుగున చేరుతుంది. ఇక ఎండిన రక్తపు చుక్క కార్డును ప్రధానంగా నవజాత శిశువుల స్క్రీనింగుకు, కొన్ని జబ్బులలో రోగుల పర్యవేక్షణకు వాడతారు.