వెర్సాయ్, పారిస్, లండన్: రాజుల కోటలకి ఎంతసేపు, రాజుల్ని దించిన చోట్లకి ఎంతసేపు

వెర్సాయ్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది రోజంతా ఆ ప్యాలెస్‌కే ఇచ్చేస్తారు. అద్దాల హాలులో జనం మధ్య నలిగి, తోటలో ఎండకి మాడి, సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ పారిస్ రైలెక్కుతారు. ఆ రాచరికానికి మొదటి పగులు పడ్డ గది మాత్రం ప్యాలెస్ గేటు నుంచి పది నిమిషాల నడక. టికెట్ లేదు, క్యూ లేదు, లోపల పదిమంది ఉంటే గొప్ప. ఈ యాత్రలో దాదాపు అన్నిచోట్లా ఇదే తంతు. రాజులు కట్టించుకున్న వాటికి ఖర్చూ రద్దీ ఎక్కువ. రాజుల్ని దించిన చోట్లు చిన్నవి, చవక. ఆరు రోజులు చేతిలో ఉంటే వెర్సాయ్‌కి ఒకటి, పారిస్‌కి మూడు, లండన్‌కి రెండు సరిపోతాయి.

ముందు వీసాల లెక్క. ఫ్రాన్స్‌కి షెంగెన్ వీసా, లండన్‌కి బ్రిటన్ వీసా, రెండూ వేరు. హైదరాబాద్ నుంచి వెళ్లి పారిస్‌లో దిగి, తిరుగు విమానం లండన్‌లో ఎక్కేలా మల్టీ సిటీ టికెట్ తీసుకుంటే షెంగెన్‌లోకి ఒక్కసారే ప్రవేశిస్తారు కాబట్టి సింగిల్ ఎంట్రీ చాలు. రానూపోనూ టికెట్ పారిస్‌కే కొనేసి మధ్యలో లండన్ చూసొద్దాం అనుకుంటేనే చిక్కు. రైలెక్కేముందే ఫ్రెంచి అధికారులు ఎగ్జిట్ నమోదు చేస్తారు, దాంతో సింగిల్ ఎంట్రీ వీసా అయిపోతుంది, తిరిగి రానివ్వరు. అప్లికేషన్‌లోనే డబుల్ ఎంట్రీ అడగాలి. షెంగెన్‌కి కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు. వేసవి సెలవులకి వెళ్లేవాళ్లు స్లాట్ల కోసం అంత ముందు నుంచే చూసుకోవడం మంచిది.

పారిస్‌లో బస మూడు రకాలుగా ఆలోచించొచ్చు. మారే ప్రాంతంలో, సెయింట్ పాల్ మెట్రో దగ్గర దిగితే బాస్టీల్, కార్నవలే మ్యూజియం నడక దూరం, కానీ గది ఖరీదెక్కువ. గార్ దు నోర్ స్టేషన్ చుట్టుపక్కల చవక, లండన్ రైలు ఎక్కేది అక్కడే, పక్కనే లా షపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోశ దొరుకుతాయి. రాత్రి పదకొండు దాటాక వీధుల్లో సందడి మాత్రం అంత హాయిగా ఉండదు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆలోచించుకోవాలి. మూడోది వెర్సాయ్ ఊళ్లోనే ఒక రాత్రి. పొద్దున్నే తొమ్మిది గంటల స్లాట్‌కి పారిస్ నుంచి పరిగెత్తక్కర్లేదు, సాయంత్రం ఊరు ప్రశాంతంగా ఉంటుంది. వాటిలో ఈ మూడోదే మంచి ఏర్పాటు, సామాను తక్కువైతే. పెద్ద సూట్‌కేసులు ప్యాలెస్ లోపలికి రానివ్వరు. ఏ హోటల్లోనైనా గదులు చిన్నవే, లిఫ్టులో ఇద్దరూ ఒక పెట్టె పడితే ఎక్కువ. మనిషికి రాత్రికి ఇంత అని బస పన్ను బిల్లులో విడిగా పడుతుంది.

వెర్సాయ్‌కి మూడు రైలు స్టేషన్లున్నాయి, గందరగోళమంతా అక్కడే. ఆర్‌ఈఆర్ అనే పారిస్ శివారు రైళ్లలో సి లైనులో ‘వెర్సాయ్ షాతో రివ్ గోష్’ అని బోర్డు మీద ఉన్న రైలే ఎక్కాలి. అక్కడ దిగితే ప్యాలెస్‌కి పది నిమిషాలు. ఆ లైనుకి కొమ్మలెక్కువ, పేరు చూడకుండా సి అని కనిపించగానే ఎక్కేస్తే ఇంకెక్కడో తేలతారు. మోంపర్నాస్ నుంచి వచ్చే రైళ్లు వెర్సాయ్ షాంటియేలో, సెయింట్ లజార్ నుంచి వచ్చేవి రివ్ ద్రువాత్‌లో ఆగుతాయి. అక్కణ్నించి నడక కాస్త ఎక్కువ, కానీ ఆర్‌ఈఆర్ సి మీద మరమ్మతులు జరిగే రోజుల్లో అవే దిక్కు. 2025 జనవరి నుంచి మెట్రోకీ ఈ రైళ్లకీ ఒకటే టికెట్, అంతకుముందు మెట్రో టికెట్‌తో వచ్చి జరిమానా కట్టిన కథలు ఇప్పుడు పాతబడ్డాయి. ఆ టికెట్‌తో బస్సు మాత్రం మారలేరు. టికెట్లు ఎక్కించుకునే నావిగో ఈజీ కార్డు ఒక్కొక్కరికీ ఒక్కోటి ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు.

సోమవారం ప్యాలెస్ సెలవు. మంగళవారం లూవ్ర్ మూసి ఉంటుంది, దాంతో ఆ జనమంతా ఇక్కడికే వస్తారు. బుధ, గురువారాలు మేలు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లకి 2026 జనవరి నుంచి టికెట్ ధర ఎక్కువ, కొనేటప్పుడు అది చూసుకుని కొనాలి, తక్కువ ధరది కొంటే గేటు దగ్గర పేచీ. మ్యూజికల్ ఫౌంటెన్లు, మ్యూజికల్ గార్డెన్లు ఉన్న రోజుల్లో తోటకీ విడిగా డబ్బు కట్టాలి. మిగతా రోజుల్లో తోట ఉచితం. తోట అవతల ఉన్న ట్రియానాన్ భవనాలు మధ్యాహ్నం పన్నెండుకి గానీ తెరవరు, పొద్దున్నే అటు నడిస్తే తలుపు ముందు నిలబడడమే.

లోపల ఏం చూడాలి? 14వ లూయీ 1682 మే 6న దర్బారుని ఇక్కడికి మార్చాడు. ప్రభువులందర్నీ కళ్లముందే ఉంచుకోవడం అతని పద్ధతి, ఈ భవనం ఆ పద్ధతికి పనిముట్టు. అద్దాల హాలు 73 మీటర్ల పొడవు, 357 అద్దాలు. అందరూ అక్కడే ఆగి సెల్ఫీలు తీసుకుంటారు. ఆ హాలు వెనకే, ప్యాలెస్‌కి సరిగ్గా మధ్యలో రాజు పడకగది ఉంటుంది. 1701లో మంచాన్ని భవనం నడిమి గీత మీదకి తెచ్చారు. రోజూ పొద్దున లేవడం, చొక్కా తొడుక్కోవడం కూడా దర్బారు తంతే. చొక్కా అందించే అవకాశం కోసం పెద్ద పెద్ద ప్రభువులు పోటీ పడేవారు. మంచం ముందున్న బంగారు పూత కటకటాలు చూస్తే గర్భగుడి ముందు నిలబడ్డట్టే ఉంటుంది, ఉద్దేశమూ అదే. 14వ లూయీ 1715 సెప్టెంబరు 1న పోయింది కూడా ఈ గదిలోనే.

రాణి పడకగదిలో ఇంకో వింత ఉంది. మంచానికి ఎడమవైపు గోడమీది పట్టుగుడ్డలోనే ఒక తలుపు కలిసిపోయి ఉంటుంది. అంచు గీత కోసం వెతికితే గానీ కనబడదు. 1789 అక్టోబరు 6 తెల్లవారుజామున జనం ప్యాలెస్‌లో చొరబడితే మేరీ ఆంటోనెట్ ఆ తలుపులోంచే పారిపోయింది. రొట్టె కోసం పారిస్ నుంచి ఆడవాళ్లు నడిచొచ్చింది ముందురోజే. 6వ తేదీ మధ్యాహ్నమే రాజకుటుంబాన్ని పారిస్ తీసుకెళ్లిపోయారు, మళ్లీ ఏ రాజూ ఇక్కడ కాపురం పెట్టలేదు. హెర్క్యులస్ సలోన్ దాటేటప్పుడు ఒక్క మాట: టిప్పు సుల్తాన్ రాయబారులు సైనిక సాయం కోసం 1788 ఆగస్టు 10న 16వ లూయీని కలిసింది ఆ హాలులోనే. మాటామర్యాదా దొరికాయి గానీ సైన్యం దొరకలేదు. ఖజానా అప్పటికే ఖాళీ, మరుసటి ఏడాది మూడు వర్గాల ప్రతినిధుల సభ అయిన ఎస్టేట్స్ జనరల్‌ని పిలవాల్సొచ్చింది కూడా అందుకే. ఇదంతా చూడ్డానికి మూడు గంటలు చాలు.

ఒంటిగంటకల్లా బయటపడి, ఊరివైపు తిరిగి కుడిచేతి సందుల్లోకి నడిస్తే జు ద పోమ్ వస్తుంది. బళ్లో చదివిన ‘టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ’ జరిగింది ఇక్కడే. మధ్యాహ్నం పూటే తెరుస్తారు, సోమవారం మూసి ఉంటుంది. 1789 జూన్ 20న మూడో ఎస్టేట్, అంటే సామాన్యుల వర్గం ప్రతినిధులు వచ్చేసరికి వాళ్ల సమావేశ మందిరానికి తాళం, ముందు సైనికులు. దగ్గర్లో కప్పున్న పెద్ద చోటు ఇదొక్కటే. రాజ్యాంగం వచ్చేదాకా విడిపోమని 577 మందిలో 576 మంది సంతకం పెట్టారు. పెట్టని ఒక్కడు మార్తాన్ దోష్. రాజు ఆమోదం లేని పని తను చెయ్యనన్నాడు. లోపల ఎత్తైన కిటికీలు, ప్రతిజ్ఞ పాఠం, సభాధ్యక్షుడు బాయీ విగ్రహం, గోడనిండా ఒక పెద్ద చిత్రం, అంతే. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. కానీ పొద్దున చూసిన ఆ పడకగది గుర్తు పెట్టుకుని ఈ ఖాళీ హాలులో నిలబడాలి. అందుకే ముందు ప్యాలెస్, తర్వాత ఇది. వరస తిరగేస్తే పస ఉండదు. ఎస్టేట్స్ జనరల్ కూర్చున్న హాలు మాత్రం పోయింది, దాని కోసం మెనూ ప్లెజీర్ దాకా నడవడం దండగ.

పారిస్‌లో అందరూ పొరపడేది బాస్టీల్ దగ్గర. చౌకులో నిలబడ్డ ఎత్తైన స్తంభం 1830 విప్లవానిది, 1789ది కాదు. 1789లో జనం పట్టుకున్న ఆ జైలు కోటని రాయి మీద రాయి లేకుండా పీకేశారు. మెట్రో 5వ లైను ప్లాట్‌ఫామ్ మీద కొంచెం పునాది గోడ కనిపిస్తుంది, సల్లీ మోర్లాండ్ దగ్గరి చిన్న పార్కులో ఒక బురుజు రాళ్లు పేర్చి పెట్టారు. అసలు సరుకంతా కార్నవలే మ్యూజియంలో ఉంది. శాశ్వత ప్రదర్శన ఉచితం, విప్లవం గదులు పై అంతస్తులో. కోట రాయిలోనే చెక్కిన బాస్టీల్ నమూనా దగ్గర తప్పకుండా ఆగాలి. పాలోయ్ అనే కాంట్రాక్టరు కూల్చివేత పని పట్టి, ఆ రాళ్లతోనే ఇలాంటి బొమ్మలు చేయించి ఫ్రాన్సంతా పంపాడు. దీనికి రెండు గంటలు పెట్టొచ్చు.

విప్లవకాలపు జైలు కాన్సియర్‌జెరీకి టికెట్ ఉంది. పక్కనే ఉన్న సెయింట్ షపెల్ చర్చితో కలిపి కొంటే లాభం, కానీ రెండిటికీ సెక్యూరిటీ క్యూలు వేరు, గాజు సీసాలూ కత్తెర్లూ ఉంటే షపెల్ దగ్గర ఆపేస్తారు. మేరీ ఆంటోనెట్‌ని ఆగస్టు 2 నుంచి 1793 అక్టోబరు 16న చంపేదాకా ఉంచింది ఇక్కడే. చూపించే ఖైదు గది తర్వాత అమర్చింది. అసలు గది ఉన్న చోట 18వ లూయీ కట్టించిన ప్రార్థన మందిరం ఉంది, అది దాటిపోకూడదు. కాంకార్డ్ చౌకులో 16వ లూయీ తల తెగిన చోటు గుర్తుకి ఒబెలిస్క్ దగ్గర చిన్న ఫలకం ఉంది, చుట్టూ కార్లు, రెండు నిమిషాల పని. మన మూసారాంబాగ్‌కి పేరిచ్చిన ఫ్రెంచి సేనాని రేమండ్ ఆ రోజుల్లోనే నిజాం కొలువులో ఉండి, తన పటాలం చేత ఈ విప్లవం మూడురంగుల జెండానే మోయించాడు. సెయింట్ డెనీ బసిలికా రాజుల సమాధుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకే.

లండన్ రైలు రెండుంపావు గంటలు. కానీ రెండు దేశాల తనిఖీలూ గార్ దు నోర్‌లోనే అయిపోతాయి, గంటన్నర ముందు చేరాలి. లండన్‌లో ఈస్ట్ హామ్ బస మనవాళ్లకి కలిసొస్తుంది. తెలుగువాళ్లు ఎక్కువ, టిఫిన్ దొరుకుతుంది, డిస్ట్రిక్ట్ లైను నేరుగా వెస్ట్‌మినిస్టర్‌కి వస్తుంది. ఊరి మధ్య బసతో పోలిస్తే రోజుకి ఒక గంట పోతుంది, డబ్బు మిగులుతుంది.

ఫ్రాన్స్ కంటే 140 ఏళ్ల ముందే ఇంగ్లాండు రాజు తల నరికింది. చూడాల్సిందంతా ఒకే వీధి, వైట్‌హాల్. పార్లమెంటు పర్యటన శనివారాల్లోనూ సభలు లేని రోజుల్లోనూ ఉంటుంది, టికెట్ ముందే కొనాలి. సభ జరిగేటప్పుడు గ్యాలరీలో కూర్చోవడం మాత్రం ఉచితం. వెస్ట్‌మినిస్టర్ హాలు మెట్ల మీద ఇత్తడి పలక ఆ రాజు, మొదటి చార్లెస్ విచారణ జరిగిన చోటు చెబుతుంది. బయట, అతని మీద పార్లమెంటు తరఫున పోరాడిన క్రాంవెల్ విగ్రహం. రోడ్డుకి అవతల సెయింట్ మార్గరెట్ చర్చి గోడలోంచి చార్లెస్ తల బొమ్మ క్రాంవెల్‌నే చూస్తుంటుంది. అక్కణ్నించి పైకి నడిస్తే బాంక్వెటింగ్ హౌస్. తండ్రి జేమ్స్ దేవుడి దగ్గరికి ఎగిసిపోతున్నట్టు రూబెన్స్‌తో చార్లెస్ వేయించిన పైకప్పు చిత్రాలు అందులో ఉన్నాయి. 1649 జనవరి 30న వాటి కిందుగానే నడిచి వధ్యవేదిక ఎక్కాడు, వణుకుని భయం అనుకుంటారని రెండు చొక్కాలు తొడుక్కుని. నలభై ఏళ్ల తర్వాత, 1689 ఫిబ్రవరి 13న, అదే హాలులో విలియం, మేరీలకి హక్కుల ప్రకటన చదివి వినిపించి కిరీటం ఇచ్చారు. ఏడాదిలో కొద్ది రోజులే తెరుస్తారు, తేదీ చూసుకోకుండా వెళ్తే తలుపు పైనున్న చార్లెస్ బొమ్మ చూసి వెనక్కి రావాలి. ఎదురుగా హార్స్ గార్డ్స్ గడియారం మీద రెండు అంకె దగ్గర నల్ల మచ్చ ఉంటుంది, అతన్ని చంపిన వేళ అదేనంటారు.

రెండో రోజు పట్నీ. విమ్బుల్డన్ వైపు వెళ్లే డిస్ట్రిక్ట్ రైలెక్కి పట్నీ బ్రిడ్జిలో దిగి వంతెన దాటితే సెయింట్ మేరీస్ చర్చి. 1647 అక్టోబరులో, చార్లెస్‌ని ఓడించిన పార్లమెంటు సైన్యంలోని సైనికులూ అధికారులూ ఇక్కడ బల్ల చుట్టూ కూర్చుని, ఆస్తి లేనివాడికీ ఓటుండాలా అని వాదించుకున్నారు. అతి పేదవాడికీ గొప్పవాడితో సమానంగా బతుకుంది అన్న రెయిన్స్‌బరో అనే అధికారి మాట చర్చి లోపల రాసుంది. ప్రవేశం ఉచితం. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి కాబట్టి వారం మధ్యలో వెళ్లడం మంచిది.