డ్రిల్ బిట్టుకు సాన పట్టాలా, కొత్తది కొనాలా?

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డు. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు చేస్తాం. బిట్లు మొద్దుబారని రోజుండదు. ఇన్నేళ్లుగా వాడుతున్న అనుభవంతో చెబుతున్నా, 6 ఎం.ఎం. దాటిన హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టును మొద్దుబారిందని పారేయకండి. 3 ఎం.ఎం. లోపువైతే గ్రైండరు దాకా తీసుకెళ్లడమే దండగ.

బెంచ్ గ్రైండరుకు మామూలు బూడిద రంగు వీల్ చాలు. మొన కోణం 118 డిగ్రీలు రావాలని అందరూ టెన్షన్ పడతారు. నన్నడిగితే అంతకన్నా ముఖ్యం రెండు అంచులూ సమానంగా ఉండటం. ఒకటి పొడవైతే 10 ఎం.ఎం. బిట్టుతో వేసిన రంధ్రం కాస్త పెద్దదై, బోల్టు లొడలొడలాడుతుంది. సాన కుదిరిందో లేదో బిట్టే చెబుతుంది. రెండు గాడుల్లోంచీ ఇనుప చుట్టలు ఒకే మందంతో జంటగా లేస్తే కుదిరినట్టే. ఒక్క గాడిలోంచే వస్తుంటే మళ్లీ పట్టాల్సిందే. అంచు వెనకభాగం పదీ పన్నెండు డిగ్రీలు వాలి ఉండాలి. ఆ వాలు లేకపోతే బిట్టు రుద్దుతుందే గానీ కోయదు.

కాలిన బిట్టును గబుక్కున నీళ్లలో ముంచడం చాలామందికి అలవాటు. అది మానండి, అంచులో సన్నటి పగుళ్లు వస్తాయి. కొంచెం పట్టి, తీసి, గాలికి చల్లారనివ్వాలి.

అరిగేకొద్దీ మొన నడుమ లావెక్కుతుంది, ఎంత నొక్కినా దిగదు. దాన్ని పల్చన చేయడానికి మాత్రం చేయి తిరిగినవాళ్లే కావాలి.

ఉప్పుగాలికి ఇనుము నిలవదని బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లవాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలే అడుగుతారు. దాని మీద మొద్దు బిట్టు పెట్టారో, రాపిడికి ఆ చోటు గట్టిపడిపోయి తర్వాత కొత్త బిట్టు కూడా జారుతుంది. 5 శాతం కోబాల్ట్ ఉండే ఎం35 బిట్టు, తక్కువ స్పీడు, కటింగ్ ఆయిల్ ఉంటే పని హాయిగా సాగుతుంది. ఖరీదైన బిట్టు కాబట్టి దానికి సాన పట్టుకుంటే ఇంకా లాభం. బంగారు రంగు పూత బిట్లకు సాన పడితే మొన మీద పూత పోతుంది. ఆ పూత కోసం ఎక్కువ డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

గోడ బిట్ల మొనకు ఉండేది కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం ముక్క. బూడిద వీల్ దాని మీద పనిచేయదు, గ్రీన్ వీలో డైమండ్ వీలో కావాలి. వాటి జోలికి పోకుండా కొత్తవే కొంటున్నాం.