చూపించి అడిగితే సంతకం పెట్టమా? మా పాప స్కూల్లో కౌమార విద్య క్లాసు

మేము తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. పాప ఎనిమిదో తరగతి. స్కూలు పేరు రాయడం లేదు. ఈమధ్య బయటి నుంచి డాక్టరమ్మను పిలిపించి కౌమార విద్య క్లాసు పెట్టించారు.

క్లాసుకు వంక పెట్టేదేం లేదు. నెలసరి, గొంతు మారడం, తాకకూడని చోట ఎవరన్నా తాకితే ఎవరికి చెప్పాలి, పిల్లల సాయం కోసం ఫోన్ చేసే 1098 నంబరు, పిల్లల మీద లైంగిక నేరాలకు శిక్షలు వేసే 2012 నాటి పోక్సో చట్టం, అన్నీ చెప్పారు. పేరు రాయకుండా చీటీ వేసేదానికి అట్టపెట్టె పెట్టారు. నోరు విప్పని మా పాప కూడా వేసిందట. ఏం రాశావని నేను అడగలేదు.

నాకు కోపం తెప్పించింది అనుమతి పత్రం. "అవగాహన తరగతికి అభ్యంతరం లేదు" అని ఒకే వాక్యం, కింద సంతకానికి గీత. ఎవరు చెప్తారు, ఏం చెప్తారు, ఏమీ లేదు. కొందరు చదవకుండానే సంతకం పెట్టేశారు, కొందరు భయపడి వద్దనేశారు. స్లైడ్లు చూపించమని ఆఫీసులో అడిగితే "మీకెందుకమ్మా అవి" అన్నారు. నేను వదల్లేదు. ఆఖరికి ప్రిన్సిపాల్ మేడమ్ శనివారం అందరినీ పిలిచి మొత్తం చూపించారు. వద్దన్న ఒకాయన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి పారేసే బొమ్మ దాకా చూసి, "ఇంతేనా, దీనికా నేను భయపడింది" అని అక్కడే సంతకం పెట్టాడు.

మా తమ్ముడుండే కాలిఫోర్నియాలో ఇట్లా ముందే చూపించడం చట్టమే. స్కూలు ముందుగా తెలియజేయాలి, పాఠాలు చూస్తామంటే చూపించాలి, వద్దనుకున్న తల్లిదండ్రులు రాసిచ్చి పిల్లల్ని తప్పించుకోవచ్చు. మన దేశంలో 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు కౌమార విద్యను ఆపేసింది కూడా పుస్తకాల్లో బొమ్మల మీద గొడవతోనే. ముందే తల్లిదండ్రుల ముందు పెట్టుంటే అంత రగడ అయ్యేది కాదేమో.

ఒక్క విషయంలో మాత్రం తల్లిదండ్రుల మాట చెల్లకూడదంటాను. ఒంటిమీద చెయ్యి వేసేవాళ్లు చాలాసార్లు తెలిసినవాళ్లే, ఒక్కోసారి ఇంట్లోవాళ్లే. ఆ ఇంటి పెద్ద సంతకం పెట్టలేదని ఆ బిడ్డను బయట కూర్చోబెడితే ఎట్లా? ఆ భాగం పిల్లలందరికీ చెప్పాల్సిందే. ఇంగ్లండ్‌లోనూ హైస్కూల్లో సెక్స్ పాఠం వద్దనొచ్చు గానీ, భద్రత, సంబంధాల పాఠం వద్దనే వీలు లేదు.

ఐదుకు నాలుగు స్టార్లు. స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, మా అత్తకు నేను చదివి చెప్పాల్సి వచ్చింది. వచ్చే ఏడాది తెలుగులో వేసి, ఆ కాగితాలు అనుమతి పత్రంతో పాటే ఇంటికి పంపండి.