ఆఖరి సినిమా ఏది మేలు: హారీ పాటర్‌దా, లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌దా?

ఈ రెండు సిరీస్‌ల గురించి ఏమి రాసినా చివరికి పాఠకులు అడిగేది ఒకటే: ముగింపు దేనిది బాగుంది? ఈమధ్య రెండు ఆఖరి సినిమాలనూ ఒకదాని వెంట ఒకటి మళ్లీ చూశాను కాబట్టి ఈసారి తప్పించుకోకుండా జవాబు చెబుతాను. కథలు మీకు తెలిసినవే అనుకుని రాస్తున్నాను. ఇంకా చూడనివారు ఇక్కడితో ఆగడం మంచిది.

లెక్కలతో తేల్చాలంటే ఒక్క నిమిషం చాలు. 2003 డిసెంబరులో వచ్చిన ‘ద రిటర్న్ ఆఫ్ ద కింగ్’ 11 ఆస్కార్ నామినేషన్లు పొంది పదకొండూ గెలుచుకుంది. 2011 జులైలో వచ్చిన ‘డెత్లీ హాలోస్’ రెండో భాగానికి మూడు నామినేషన్లు దక్కాయి, అవార్డు ఒక్కటీ రాలేదు. వసూళ్లలో మాత్రం పాటర్‌దే పైచేయి. అది 130 కోట్ల డాలర్లు దాటితే, ఇది 110 కోట్లు దాటింది. అయితే ఏళ్ల తరబడి ఒక కథను వెంటాడి వచ్చిన అభిమాని సినిమా హాలు నుంచి ఏ మనసుతో బయటకు వచ్చాడో ఈ అంకెలు చెప్పవు.

నాకు తూకం వేసే రాయి ఒక్కటే. శత్రువు చనిపోయాక సినిమా ఏమి చేస్తుంది? వోల్డమార్ట్ చస్తాడని, ఉంగరం నాశనమవుతుందని మొదటి సినిమా నాడే అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆఖరి భాగానికి పరుగెత్తుకు వచ్చేది ఆ మనుషుల దగ్గర వీడ్కోలు తీసుకోవడానికి. ఆ వీడ్కోలుకు ఎంత సమయం ఇచ్చారు, దాన్ని ఎవరి కళ్లెదుట జరిపించారు అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

ముందు పాటర్ సంగతి. పదేళ్లలో ఎనిమిది సినిమాలు, మొదటి నుంచి చివరిదాకా అవే ముగ్గురు పిల్లలు. తెర మీద వాళ్లు ఎదుగుతుంటే చూసే పిల్లలూ వాళ్లతో పాటే ఎదిగారు. ఇలాంటి అనుబంధం మరే ఫాంటసీ సిరీస్‌కూ ఇంతగా కుదరలేదు. 2011 జులై 7న లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో జరిగిన తొలి ప్రదర్శనకు అభిమానులు ముందే వచ్చి వానలో తడుస్తూ కాచుకున్నారు. వేదిక మీద నటులూ ఏడ్చారు, కింద జనమూ ఏడ్చారు. బాల్యం ముగిసిపోతోందన్న ఆ దుఃఖం నిజమైనది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

సినిమాలో ఆ దుఃఖానికి తగిన ఘట్టం కూడా ఉంది. అది స్నేప్ జ్ఞాపకాలు. స్నేప్ గతంలోని ఒక చిన్న సంగతిని రచయిత్రి రాలింగ్ చాలా ముందే ఆ పాత్ర వేసిన అలన్ రిక్‌మన్ చెవిన వేశారు. అది తెలిసి చూస్తే పాత సినిమాల్లో ఆయన చూపులకు కొత్త అర్థాలు కనిపిస్తాయి. లిలీ మృతదేహాన్ని పట్టుకుని స్నేప్ ఏడ్చే దృశ్యం పుస్తకంలో లేదు. పక్కనే ఏడుస్తున్న పసివాడిని పట్టించుకోలేదేమని కొందరు అభిమానులు ఇప్పటికీ తప్పుపడతారు. నాకు మాత్రం ఆ లోపమే స్నేప్ స్వభావానికి సరిపోయిందనిపిస్తుంది. అతను ప్రేమించింది ఒక్కరినే, ఆ పిల్లవాడిని కాదు.

తరువాత హారీ అడవిలోకి నడవడం కూడా గొప్పగా ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

పుస్తకంలో ఆఖరి పోరు గ్రేట్ హాల్‌లో జరుగుతుంది. బతికి ఉన్నవాళ్లంతా గోడల వెంట నిలబడి చూస్తుంటారు. హారీ వోల్డమార్ట్‌ను టామ్ రిడిల్ అని అసలు పేరుతో పిలుస్తాడు. స్నేప్ ఎవరి మనిషో, మంత్రదండం ఎవరి మాట వింటుందో అందరూ వినేలా చెబుతాడు. చివరికి వోల్డమార్ట్ మామూలు మనిషిలా నేల మీద పడిపోతాడు. చావును జయించాలని ఆత్మను ముక్కలు చేసుకున్నవాడు మిగతా అందరిలాగే ఒక శవమై మిగిలాడు. ఏడు పుస్తకాలు చెప్పదలచుకున్నది ఆ శవంలో ఉంది.

సినిమాలో ఆ ఇద్దరూ కోట మీది నుంచి దూకుతారు, గాలిలో ఎగురుతారు, ఖాళీ ఆవరణలో పడి తలపడతారు. వోల్డమార్ట్ దేహం పెచ్చులుగా ఊడి గాలిలో కలిసిపోతుంది. అభిమానుల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ పెచ్చుల మీదే. వాళ్ల కోపం న్యాయమే. కానీ నన్ను ఇంకా ఎక్కువ బాధించేది ఆ ఖాళీ ఆవరణ. అక్కడ ఎవరూ లేరు. కొడుకును పోగొట్టుకున్న వీస్లీలు లేరు, మెక్‌గొనగల్ లేరు, హారీ చనిపోయాడని కాసేపటి క్రితం గుండెలు బాదుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అందరి తరఫున జరిగిన యుద్ధం చివరికి ఇద్దరి మధ్య తగాదాలా ముగిసింది. స్నేప్ పేరు మీది మచ్చ అందరి ముందూ తొలగే అవకాశమూ దానితోనే పోయింది.

ఇద్దరు మనుషులు వలయంగా తిరుగుతూ అంతసేపు మాట్లాడుకుంటే తెర మీద కదలిక ఉండదన్న వాదన ఉంది. ఒప్పుకుంటాను. అయితే మాటలు తగ్గించవచ్చు, సాక్షులను తీసేయనక్కరలేదు. ఇక వోల్డమార్ట్ చేతి నుంచి హారీకి దక్కిన మంత్రదండం విషయం. పుస్తకంలో హారీ ముందు దానితో విరిగిపోయిన తన సొంత దండాన్ని బాగుచేసుకుంటాడు, తర్వాతే దాన్ని వద్దనుకుంటాడు. సినిమాలో దాన్ని రెండు ముక్కలు చేసి వంతెన మీది నుంచి విసిరేస్తాడు. విసరడం చూడటానికి బాగుంటుంది. కానీ పదకొండేళ్ల వయసులో కొనుక్కున్న దండం మళ్లీ చేతికి వచ్చే ఆ చిన్న సంతోషం పోయింది.

ఆ వెంటనే పందొమ్మిదేళ్ల తర్వాతి దృశ్యం. పుస్తకంలోనే ఆ అధ్యాయం మీద అభిమానులు రెండుగా చీలారు. మొదట కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో తీసిన దాన్ని పక్కనపెట్టి, మళ్లీ స్టూడియోలో తీశారు. అయినా ఇరవై ఏళ్ల ప్రాయపు నటులకు వేసిన నడివయసు మేకప్ అంతంతమాత్రమే. సమయం చాలలేదని అనడానికీ వీల్లేదు. ఒకే పుస్తకాన్ని రెండు సినిమాలు చేసి, 146 నిమిషాలు, 130 నిమిషాలు కలిపి నాలుగున్నర గంటలకు పైగా తీసుకున్నారు. అందులో గెలుపు తర్వాతి తెల్లవారుకు దక్కినవి కొద్ది నిమిషాలే.

‘రిటర్న్ ఆఫ్ ద కింగ్’ మీద ఉన్న ఫిర్యాదు దీనికి సరిగ్గా తలకిందులు: ముగింపులు మరీ ఎక్కువయ్యాయని. 201 నిమిషాల సినిమాలో ఉంగరం కరిగాక దాదాపు 20 నిమిషాల కథ ఉంది. తెర నల్లబడుతుంది, లేవబోయేలోగా మళ్లీ వెలుగుతుంది. ఇది చాలామందికి విసుగు తెప్పించింది. నిజమైన లోపాలు వేరే ఉన్నాయి. ఆకుపచ్చ దయ్యాల సేన వరదలా వచ్చి యుద్ధాన్ని తేల్చేయడంతో, అంతవరకు ప్రాణాలు ఒడ్డిన రోహాన్ సైనికుల త్యాగం పలచబడింది. పుస్తకంలో ఆ సేన పని పెలార్గిర్ రేవులోనే ముగుస్తుంది. ఫ్రోడో సామ్‌ను వెళ్లిపొమ్మనడం కూడా పుస్తకంలో లేదు, నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సారుమాన్ చావును సినిమా నుంచి తీసేసినందుకు ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లీ బాహాటంగానే నొచ్చుకున్నారు.

ఇన్ని లోపాలున్నా నా ఓటు దీనికే. కారణం ఆ ఇరవై నిమిషాలు.

అందులో ఒక దృశ్యం చెబుతాను. నలుగురు హాబిట్లు సొంత ఊరికి తిరిగివచ్చి గ్రీన్ డ్రాగన్ అనే తమ పాత మద్యశాలలో కూర్చుంటారు. ఫ్రోడో నాలుగు పాత్రలు పట్టుకొచ్చి బల్ల మీద పెడతాడు. చుట్టూ జనం నవ్వుకుంటూ, అరుచుకుంటూ ఉంటారు. వాళ్ల ధ్యాసంతా ఎవరో మోసుకొచ్చిన ఒక పెద్ద గుమ్మడికాయ మీద. లోకాన్ని కాపాడి వచ్చిన నలుగురి వైపు ఎవరూ తిరిగి చూడరు. వాళ్లు ఒకరినొకరు చూసుకుని, మాట లేకుండా పాత్రలెత్తి తాగుతారు. అప్పుడు సామ్ కళ్లు రోజీ మీద పడతాయి. మిగిలినదంతా ఒక్క గుక్కలో తాగేసి లేచి వెళతాడు. మౌంట్ డూమ్ ఎక్కినవాడికి ఇక్కడ ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది. చూస్తున్న ముగ్గురి ముఖాల్లో నవ్వు విచ్చుకుంటుంది.

దీనికి కాసేపటి ముందే పట్టాభిషేకంలో, వంగబోతున్న ఆ నలుగురినీ ఆరగార్న్ వారించి, రాజ్యమంతటినీ వాళ్ల ముందు మోకరిల్లేలా చేశాడు. అక్కడ అందరూ చూశారు, ఇక్కడ ఎవరికీ పట్టలేదు. గెలుపుకు లోకం ఇచ్చే గౌరవం, దాని వెనుక ఉండే ఒంటరితనం, రెండూ ఈ పక్కపక్క దృశ్యాల్లో ఇమిడిపోయాయి. పాటర్ ఆఖరి సినిమాలో నేను వెతికి దొరకనిది ఇదే.

హాబిట్ల సొంత ఊరు షైర్ ధ్వంసమయ్యే అధ్యాయాన్ని వదిలేశారని పుస్తక ప్రియులు నిష్ఠూరమాడతారు. అది పుస్తకం రాసిన టోల్కీన్‌కు ముఖ్యమైన అధ్యాయమే. సినిమా ఎంచుకున్న దారి వేరు: ఊరు చెక్కుచెదరలేదు, మారింది వెళ్లివచ్చినవాళ్లు. ఫ్రోడో గాయం మానదు, అందుకే గ్రే హేవెన్స్ రేవులో ఓడ ఎక్కుతాడు. మొదటి ముగింపు దగ్గరే సినిమా ఆపేసి ఉంటే, ఉంగరం ఫ్రోడో దగ్గర నుంచి ఏమి తీసుకుపోయిందో మనకు తెలిసేదే కాదు. ‘ఎక్కువైన ముగింపులు’ అని విసుక్కునేవారు వాటిలో ఏది తీసేయాలో చెప్పమంటే జవాబు తడుముకుంటారు.

మిగతా సిరీస్‌లనూ అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. ‘హాబిట్’ మూడో భాగం (2014) చిన్న పుస్తకాన్ని మూడు సినిమాలుగా సాగదీసిన ఫలితం, యుద్ధమే తప్ప వీడ్కోలు లేదు. ‘ట్వైలైట్’ ఆఖరి భాగం (2012) పుస్తకంలో లేని యుద్ధాన్ని చూపించి, చివరికి అది ఆలిస్ చూపించిన భవిష్యత్తు మాత్రమే అని తేల్చింది. పుస్తకం చదివినవాళ్లను సైతం ఉలిక్కిపడేలా చేసిన ఆ ఎత్తును మెచ్చుకోవాలి. నార్నియా ఏడు పుస్తకాల్లో మూడు సినిమాలకే ఆగింది, పోలికకు రాదు.

ఇప్పుడు మొదలుపెట్టేవారికి నా సలహా: పిల్లలతో కలిసి చూసేటట్లయితే పాటర్ తీసుకోండి, చివరి రెండు భాగాలను మధ్యలో విరామం లేకుండా చూడండి, తర్వాత పుస్తకంలోని ఆఖరి పోరును తప్పకుండా చదవండి. ముగింపే ముఖ్యమనుకుంటే లార్డ్ ఆఫ్ ద రింగ్స్. మొదటిసారికి థియేటర్లలో విడుదలైన వెర్షనే మేలు. సారుమాన్ చావు పొడిగించిన వెర్షన్‌లో ఉంది గానీ, అందులోనే శత్రువు రాయబారిగా వచ్చినవాడి తలను ఆరగార్న్ నరికేస్తాడు. ఆరగార్న్ అలాంటి పని చేసేవాడు కాదు.