ఫోనుకు కలిపే చెవి కెమెరా: బొమ్మ బాగుంది, భరోసా లేదు

జలుబు చేసినప్పుడల్లా మా పాపకు చెవిపోటు వస్తుందని ఈ కెమెరా కొన్నాను. బొమ్మ స్పష్టంగానే వస్తుంది. గులిమి అడ్డుంటే మాత్రం కర్ణభేరి కనబడదు. పాప ఏడుస్తూ తల తిప్పుతున్నప్పుడు కొన గుచ్చుకునే ప్రమాదం ఉంది, అప్పుడు నేను అసలు వాడను.

చూసినదాన్ని అర్థం చేసుకోవడం ఇంకా కష్టం. ఏడ్చినా, జ్వరం వచ్చినా కర్ణభేరి ఎర్రబడుతుంది. మధ్య చెవిలో చీము చేరితే అది బయటికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బును పోల్చుకోవడానికి శిక్షణ కావాలి. ఎరుపు కనిపిస్తే ఇన్ఫెక్షనే అని పెట్టెలోని కాగితంలో రాయడం నాకు కోపం తెప్పించింది. తల్లిదండ్రులకు అలా చెప్పవచ్చా?

నేను పాపనే గమనిస్తాను. జలుబు వెంట జ్వరం, పడుకోబెడితే పెరిగే ఏడుపు, తిండి మానేయడం, పిలిస్తే సరిగా వినిపించకపోవడం. చెవి లాక్కోవడం ఒక్కటే ఉంటే కంగారుపడను. 39 డిగ్రీల సెల్సియస్ జ్వరం, చెవి నుంచి చీము, రెండు మూడు రోజులైనా తగ్గని నొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరుకు చూపించాలి. చీము కారుతుంటే సొంతంగా చుక్కల మందు వేయకూడదు. ఆరు నెలల లోపు పసివాళ్ల విషయంలో డాక్టరుకు చూపించకుండా ఆగనే కూడదు. చెవి వెనక వాపు, చెవి ముందుకు పొడుచుకు రావడం, మెడ బిగుసుకోవడం, ముఖం ఒకవైపు జారడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికే.

కెమెరాకు ఐదింటికి రెండు నక్షత్రాలు.