హనుమకొండలో ఆర్ కోర్సుకు పైసలు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

నయీంనగర్ వైపు ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 'ఆర్‌లో అడ్వాన్స్‌డ్ ఫంక్షనల్ ప్రోగ్రామింగ్' అని పాంప్లెట్లు పంచుతున్నారు. ఆర్ అంటే గణాంకాల పనికి వాడే ప్రోగ్రామింగ్ భాష. కాకతీయ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు వెళ్లి కట్టేస్తారేమోనని రాస్తున్నా. పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు.

ఫీజు 9,000. దాని మీద 'సాఫ్ట్‌వేర్ లైసెన్స్' అని నా దగ్గర ఇంకో 1,500 గుంజారు. అయ్యా, ఆర్ పూర్తిగా ఉచితం, క్రాన్ అనే దాని అధికారిక సైటు నుంచి ఎవరైనా దించుకోవచ్చు, ఆర్ కోడ్ రాసుకునే ఆర్‌స్టూడియో డెస్క్‌టాప్ కూడా ఫ్రీనే! రసీదులో మాత్రం తెలివిగా మొత్తం కలిపి ట్యూషన్ ఫీజు అని రాశారు.

పాఠం సంగతి ఇంకా ఘోరం. ఫర్ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) తీసేసి ఎస్-అప్లై (ఇచ్చిన ప్రతిదాని మీదా ఒకే ఫంక్షన్ నడిపేది) పెడితే అదే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అట, దాంతో స్పీడ్ పెరుగుతుందట. నిజానికి చాలా సందర్భాల్లో లూప్ నెమ్మదించేది, అది తిరిగిన ప్రతిసారీ వెక్టర్‌ను (ఒకే రకం విలువల వరుసను) పెంచుకుంటూ పోవడం వల్ల. ముందే సైజు కేటాయిస్తే లూప్ కూడా ఎల్-అప్లైకి (ఎస్-అప్లై లాంటిదే, ఫలితాన్ని లిస్ట్‌గా ఇస్తుంది) పెద్దగా తీసిపోదు. ఫంక్షన్‌ను ఇంకో ఫంక్షన్‌కు ఇవ్వడం, ఫంక్షన్ నుంచి ఫంక్షన్‌నే తిరిగి పొందడం, క్లోజర్లు (తాము పుట్టిన చోటి విలువలను గుర్తుంచుకునే ఫంక్షన్లు), రెడ్యూస్ (అన్నిటినీ కలిపి ఒకే ఫలితం చేసేది), ఫిల్టర్ (కావాల్సినవే ఏరేది)... అసలు సరుకంతా ఇక్కడుంది, ఇందులో ఒక్కటీ చెప్పలేదు. అడిగితే "ఇంటర్వ్యూల్లో అడగరులే" అన్నాడు సారు.

ఎస్-అప్లై ఎంత ప్రమాదమో నా ప్రాజెక్టులోనే తెలిసింది. ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల ఫైళ్లలోంచి తేజ రకం ధర రోజుకొకటి తీయాలి, ఒకరోజు ఫైల్లో తేజ వరుసే లేదు, అంతే, వెక్టర్ రావాల్సిన చోట మొత్తం లిస్ట్ (రకరకాల విలువలు పట్టే మూట లాంటిది) అయి కూర్చుంది, సగటు తీస్తే ఎన్ఏ, అంటే విలువ లేదని వచ్చింది. అదే వి-అప్లై వాడి, ఒక్కో ఫైలుకు ఒకే అంకె రావాలని ముందే చెప్పి ఉంటే అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగేది. ఆ వి-అప్లై పేరే క్లాసులో వినపడలేదు. ల్యాబ్‌లో ఆర్ 3.6 ఉంది, 2021లో 4.1తో వచ్చిన కొత్త పైప్ (ఒకదాని ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందించే గుర్తు) గానీ, ఫంక్షన్ పొట్టిగా రాసే పద్ధతి గానీ అందులో నడవవు.

వెళ్లాలనుకుంటే ముందు డెమో అడగండి, ఫంక్షన్‌ను రిటర్న్ చేసే ఫంక్షన్ ఒకటి బోర్డు మీద రాసి చూపించమనండి. నసిగితే లేచి వచ్చేయండి.

రీఫండ్ అడిగితే "మెటీరియల్ ఇచ్చాం కదా" అంటున్నారు, ఆ మెటీరియల్ ఏంటంటే ఆర్‌లో ఉండే హెల్ప్ పేజీల జిరాక్స్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మీలో ఇంకెవరైనా అక్కడ కట్టి ఉంటే రసీదు పారేయకండి, మెసేజ్ పెట్టండి.