మూడేళ్లుగా క్రియాటిన్ వాడుతున్నాను, నా వయసు 63

నేల మీద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆనించాల్సి వస్తోందని జిమ్‌లో చేరాను, నాలుగు నెలలయ్యాక క్రియాటిన్ మొదలుపెట్టాను, అంటే కండరాలకి అప్పటికప్పుడు శక్తి అందించే సప్లిమెంట్. మామూలు మోనోహైడ్రేట్ పొడి, రోజుకి 5 గ్రాములు. మొదటి వారం లోడింగ్ అని రోజుకి 20 గ్రాములు వేసుకోవాలన్నారు, రెండు రోజులకే కడుపు పాడైంది, మానేశాను. అసలు ఆ అవసరమే లేదు, రోజూ 3 నుంచి 5 గ్రాములు వేసుకున్నా మూడు నాలుగు వారాల్లో కండరాలకి పట్టాల్సినంత పడుతుంది.

మొదటి నెలలోనే కిలోన్నర పెరిగితే కండ పట్టిందని మురిసిపోయాను, తీరా చూస్తే అది కండరాల్లో చేరిన నీరు. అసలు తేడా రెండో నెలలో తెలిసింది: కాళ్లతో బరువు నెట్టే లెగ్ ప్రెస్‌లో అదే బరువుతో ఎనిమిది రెప్స్‌కి (ఎనిమిది సార్లకి) చేతులెత్తేసేవాణ్ణి, పది చేయగలిగాను. ఆ రెండు రెప్స్ కోసమే ఈ పొడి, మిగతాదంతా మన చెమటే. పోయినేడు భుజం పట్టేసి రెండు నెలలు జిమ్‌కి వెళ్లలేదు, పొడి మాత్రం ఒక్కరోజూ మానలేదు. తిరిగి వెళ్లి చూస్తే పాత బరువుల్లో మూడో వంతు తగ్గించుకోవాల్సి వచ్చింది.

ఇక నన్ను నిజంగా భయపెట్టింది రక్తపరీక్ష. వాడటం మొదలుపెట్టిన ఏడాదికి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూడటానికి రక్తంలో కొలిచే వ్యర్థం) 1.4 వచ్చింది, కిడ్నీ పనితీరు తగ్గిందని రిపోర్టులో రాశారు, రాత్రంతా ఒకటే టెన్షన్. తెల్లారి డాక్టరు దగ్గరికెళ్లి పొడి సంగతి చెబితే సిస్టాటిన్ సి అని కిడ్నీల పనితీరుకే చేసే ఇంకో రక్తపరీక్ష రాశారు, అది మామూలుగానే ఉంది. క్రియాటిన్ శరీరంలో క్రియాటినిన్‌గా మారి బయటికి పోతుంది కాబట్టి, కిడ్నీలు బాగున్నా ఆ అంకె కాస్త పెరగొచ్చట. అందుకని మొదలుపెట్టక ముందే ఒకసారి పరీక్ష చేయించుకోండి, పోల్చి చూసుకోవడానికి ఉంటుంది. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉంటే మాత్రం డాక్టరుని అడక్కుండా దీని జోలికి వెళ్లొద్దు.

పొద్దున వేసుకోవాలా, ఎక్సర్‌సైజ్ అయ్యాకా అంటే పెద్ద తేడా ఏమీ లేదు, నేనైతే మర్చిపోకుండా ఉంటుందని పళ్లు తోముకున్నాక వేసుకుంటాను. చల్లటి నీళ్లలో సరిగా కరగదు, అడుగున ఇసుకలా మిగిలిపోతుంది, గోరువెచ్చని నీళ్లయితే నయం. హెచ్‌సీఎల్ (క్రియాటిన్‌లోనే ఇంకో రకం) అనీ గమ్మీలనీ ఎక్కువ ధరకి అమ్ముతుంటారు, ఒక డబ్బా గమ్మీలు తిని చూశాను, మోనోహైడ్రేట్ కంటే ఒరిగిందేమీ లేదు. జుట్టు రాలుతుందా అని అడుగుతుంటారు గానీ, రాలడానికి నాకు మిగిలి ఉంటే కదా!

ఇప్పుడు చెయ్యి ఆనించకుండానే లేస్తున్నాను. లేచేటప్పుడు మోకాళ్లు టకటకమనడం మాత్రం పోలేదు.